వాపసు ఎరగని చెయ్యి

చిన్నమ్మ పోయిందని చిన్నాయన ఫోన్ చేసేసరికి నేను ప్రింటర్ ముందు కూర్చుని ఉన్నాను. పొద్దున ఎనిమిదై ఉంటుంది. చాయ్ అడిగిందట. ఆయన గ్లాసు పట్టుకుని వచ్చేసరికి గోడకు ఆనుకుని అట్లాగే ఉందట, పిలిస్తే పలకలేదట. ఏడుపు లేకుండా, ఎవరికో దారి చెప్తున్నట్టు చెప్పాడు. ఫోన్ పెట్టేయబోతూ ఒక మాట అన్నాడు.

"నాలుగైదు నెలల సంది చేతులే చూసుకుంటుండె బిడ్డా. ఏమైందే అంటే ఏం చెప్పకపోయేది."

ఏమైందో నాకు తెలుసు. ఆర్మూర్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య రెండు గల్లీలు. నడిస్తే పది నిమిషాలు కూడా పట్టదు. ఆ పది నిమిషాలు నేను నడవలేదు. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను గానీ, ముందు ఆ సంగతి చెప్పకుండా మంచి మాటలు రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఇప్పటికే ఒకటి రాసి ఉన్నాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పుట్టింది మోర్తాడ్‌లో. అక్కడ ఆడపిల్లకు నడక వచ్చినంత సహజంగా బీడీలు చుట్టడం వస్తుంది. పెళ్లయి ఆర్మూర్ వచ్చింది. చిన్నాయన గల్ఫ్‌లో ఉన్న ఏళ్లన్నీ, తిరిగి వచ్చాక కూడా, ఆమె ఇంటి ముందు అరుగు మీద ఒడిలో చాట పెట్టుకుని కూర్చునేది. ఎదురింటి అవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆమెతో పాటు. నలుగురి కత్తెరలూ ఒకేసారి ఆడుతుంటే చినుకులు పడుతున్నట్టు ఉండేది. బడి నుంచి వచ్చి అక్కడే పుస్తకాలు ముందేసుకునేదాన్ని. నేను లెక్కలు నేర్చుకున్నది ఆ చప్పుడులోనే.

బీడీ పని తెలియనివాళ్లకు ఒక్క మాట. తునికాకును రాత్రంతా తడిబట్టలో చుట్టి మెత్తబడనిస్తారు. తర్వాత దాని మీద చిన్న ఇనుప రేకు పెట్టి, దాని అంచు వెంట కత్తెరతో కోస్తారు. ఆ రేకును ఫర్మా అంటారు. ఆకులన్నీ ఒక్క కొలతలో రావాలంటే అదే ఆధారం. కోసిన ఆకులో తంబాకు, అంటే పొగాకు పొడి, పోసి చుడతారు. కొలత తప్పినా, చుట్టు వదులైనా కార్ఖానాలో తీసి పక్కన పడేస్తారు. అది వాపసు. వాపసు లేని మనిషి ఉండదు. అందుకే కొందరు కట్టకు ఒకటి రెండు ఎక్కువే వేసి పంపేవాళ్లు. చిన్నమ్మ వేసేది కాదు.

"తప్పు చేస్త అనుకున్నోళ్లు ఎక్కువ ఏస్తరు" అనేది. మాటలో గర్వం ఉండేది, దాచుకునేది కాదు. ఆమె చేతి బీడీ వాపసు వచ్చినట్టు గల్లీలో ఎవరూ వినలేదు. ఎవరిదైనా కొత్త కోడలు పనిలోకి వస్తే ముందు రెండు రోజులు చిన్నమ్మ పక్కన కూర్చోబెట్టేవాళ్లు.

ఆమె అలవాట్లు చిన్నవి. పది పన్నెండు ఆకులు కోయగానే ఫర్మాను కొంగుతో తుడిచేది. ఆకు జిగురు అంచుకు అంటితే కొలత పెరుగుతుందట. ఆ జిగురు మందం మన కంటికి కనిపించదు, ఆమె వేలికి తెలిసేది. ప్రతి ఆకునూ కోసేముందు వెలుతురుకు ఎత్తి చూసేది. చాయ్ తాగేటప్పుడు మాత్రం పని ముట్టేది కాదు. కత్తెరను మూసి, చాటలో తన వైపు మొన లేకుండా పెట్టి, అప్పుడు గ్లాసు అందుకునేది. నేను తొందరపడి ఏదైనా చెడగొడితే తిట్టేది కాదు. "జర ఆగితే ఏం పోతది?" అనేది. నలభై దగ్గర పడుతున్నా, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తున్నా, ఆ తొందర నాకు పోలేదు.

ఇక నా పని. దీన్ని చిన్నమ్మకు చెప్పినట్టే మీకూ చెప్తాను, ఎందుకంటే అంతకంటే బాగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. గాలిలో రకరకాల రేడియో తరంగాలు తిరుగుతుంటాయి. ఫోనుది ఒకటి, వైఫైది ఒకటి. కొన్నింటిని ఆపి, కొన్నింటిని పోనిచ్చే పలకలు ఉంటాయి. ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ సర్ఫేస్ అని వాటికి బారెడు పేరు. పలక మీద ఒకే కొలతలో వందల లోహపు చట్రాలు వరుసగా ఉంటాయి. ఏ తరంగాన్ని ఆపాలో ఆ చట్రం కొలతే నిర్ణయిస్తుంది. మా కాలేజీలో ప్రయోగాలు చేసే గదికి వైఫై పెద్ద తలనొప్పి. దాన్ని ఆపాలి, ఫోన్లు మాత్రం మోగాలి. ఆ గదిలో గుండ్రటి స్తంభాలు, వంపు గోడ ఉన్నాయి. వాటికి అతికేట్టు వంపు పలకలను త్రీడీ ప్రింటర్‌లో పోసి చేయడం నా పీహెచ్‌డీ పని.

చిన్నమ్మ కోస్తూనే వింది. "తంబాకు జల్లెడ పడితే పొడి కిందికి పోతది, పుల్ల మీద ఉంటది. గట్లనేనా?"

దాదాపు అంతే గానీ ఈ జల్లెడలో రంధ్రం కాదు, రాగి చట్రమే ముఖ్యం అన్నాను. ఊయలకు తన ఊపు తనకు ఉన్నట్టు ఒక్కో కొలత చట్రం ఒక్కో తరంగానికే ఊగుతుందని, ఊగి దాన్ని వెనక్కి తోసేస్తుందని చెప్పాను. ఆమె కత్తెర ఆపింది.

"అంటే కొలత తప్పితే గుర్తు పట్టదన్నట్టు."

మూడేళ్ల నా చదువును ఆమె అంత మాటలో తేల్చేసింది. నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ప్రింటర్‌ను మా ఇంటి ముందు గదిలో పెట్టుకున్నాను. ఒకప్పుడు అందులో పసుపు సంచులు ఉండేవి. గోడలకు ఇప్పటికీ అరచేయి ఆనిస్తే పచ్చగా వస్తుంది. తెచ్చిన రోజే అమ్మ ప్రింటర్‌కు పసుపు కుంకుమ పెట్టింది, ఆ మరక ఇంకా పోలేదు. సన్నటి ప్లాస్టిక్ తీగను అది కరిగించి, పొర మీద పొరగా పోసి, ఒక్కో చట్రానికి ఒక్కో గాడి చొప్పున చతురస్రపు గాళ్లున్న పలకలను చేసి ఇస్తుంది. ఆ గాళ్లలో లోహం నింపాలి. మొదట లోహపు పూత పూశాను. వంపు దగ్గర పగిలింది. రెండోసారీ పగిలింది. చివరికి పల్చటి రాగి రేకు తెప్పించి, చట్రాలుగా కోసి గాళ్లలో అతికిద్దామనుకున్నాను. కోసే యంత్రం మా కాలేజీలో లేదు. నేనే కోశాను. ఇరవై చట్రాలు కోసి చూసుకుంటే ఇరవై కొలతలు.

వాటిని తీసుకెళ్లి చిన్నమ్మ చాటలో పోశాను. ఒక్కొక్కటే ఎత్తి చూసింది.

"ఎవలు కోసిండ్రు గివి? నువ్వేనా?"

"నేనే."

"గిది ఎలుక కొరికినట్టున్నది బిడ్డా."

అరుగు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఆమెకు రెండు చాటలు. పొద్దుటి పూట బీడీ ఆకు, మధ్యాహ్నం తిండి తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని నా రాగి. తంబాకు చేతితో రాగి ముడితే నల్లబడుతుందని ఆమే కనిపెట్టింది. ఆమె ఏం తీసుకోనంది, ఇవ్వబోతే కోపం చేసింది, అందుకని మధ్యాహ్నపు చాయ్ నా వంతు అయింది.

నేను ప్రింటర్‌లో పోసిన ఫర్మా ఇచ్చాను. ఒక పూట వాడి పక్కన పెట్టింది. "ప్లాస్టికును కత్తెర తింటది" అంది. నూనె డబ్బా మూత విప్పదీసి, నా బొమ్మ కాగితం దాని మీద అతికించి, తానే నడుమ గడి ఉన్న ఒక తగరపు ఫర్మా చేసుకుంది. అంచును రాయి మీద రాసి రాసి సరిచేసుకుంది. రాగి బయటి అంచును కత్తెరతో, లోపలి గడిని బ్లేడుతో కోసేది. గుమ్మంలా నడుమ ఖాళీ ఉన్న ఆ చతురస్రాలను చూసి వాటికి దర్వాజలని పేరు పెట్టింది. "ఇయ్యాల యాభై దర్వాజలు నిలవెట్టిన" అనేది. గల్లీలో ఆమె ఎవరికి ఇల్లు కడుతోందో అర్థంకాక ఒకాయన చిన్నాయనను అడిగాడు కూడా.

నేను తెచ్చిన కాలిపర్‌తో ఆమె కోసిన వాటిని కొలిచాను. వరుసగా పది. పదీ ఒక్కటే. పదకొండోది కొలవలేదు. అవసరం లేదనుకున్నాను, ఆమె కళ్లు నా చేతి వైపే ఉన్నాయి, చిన్నతనంగా అనిపించింది.

మొత్తం నాలుగు వందల చట్రాలు అయ్యాక, పలకలు కూడా ఆమెకే ఇచ్చాను. గాళ్లలో పెట్టి అతికించడం ఆమె చేస్తానంది. మర్నాడు నేను క్లాసులో ఉండగా ఫోన్ చేసింది. వరండాలోకి వచ్చి మాట్లాడాను.

"గాడికి పడ్తలేదు బిడ్డా. ఫర్మా సక్కగనే ఉన్నది, నీ గాడే గుంజుకున్నది. వేడిది సల్లారితే గుంజుకుంటది గదా."

లోపల అరవై మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. నాలుగు రోజుల్లో పలకలను పరీక్షకు పెట్టాలి. "అంచు కొంచెం తీసి సర్దెయ్ చిన్నమ్మా" అన్నాను.

"తీస్తే కొలత పోతది గదా?"

"ఏం కాదు. సర్దెయ్."

ఈ నాలుగు మాటలనూ నేను మరిచిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఏ స్తంభానికి ఆనుకుని మాట్లాడానో, ఎదురుగా ఎవరి సైకిల్ ఉందో కూడా చెప్పగలను.

పరీక్ష రోజు చిన్నమ్మ వస్తానంది. కాలేజీ ఎప్పుడూ చూడలేదు. పెట్టెలోంచి నెమలి రంగు చీర తీసి కట్టుకుంది, వేళ్ల నలుపు పోవడానికి నిమ్మచెక్కతో రుద్దుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో పలకల అట్టపెట్టెను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. ల్యాబులో మా గైడు, ఇద్దరు తోటి లెక్చరర్లు ఉన్నారు. పలకను స్టాండులో నిలబెట్టి, ఒకవైపు తరంగాన్ని పంపే కొమ్ము యాంటెన్నా, రెండోవైపు అందుకునేది పెట్టాం. తెర మీద గీత వైఫై దగ్గర లోయలా కిందికి దిగాలి. దిగింది, కానీ అక్కడ కాదు. పక్కకు జరిగి, ఎవరికీ అక్కరలేని చోట దిగింది. ఆపాల్సిన తరంగం దర్జాగా పలక దాటి పోతోంది.

గైడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తేడా ఎక్కడ వచ్చిందని అడిగారు. ఆయన మామూలుగానే అడిగారు. కోపం లేదు. నాకే భయం. మూడేళ్ల పని, తోటివాళ్ల ముందు. నా నోటికి ఏది ముందొస్తే అది అన్నాను.

"చేత్తో కోసినవి కదా సార్."

ఆయన అవునన్నట్టు తల ఊపారు. మనిషి చెయ్యి ఎంతైనా మనిషి చెయ్యే అన్నారు. అందరం తెలుగులోనే మాట్లాడుకున్నాం. చిన్నమ్మ తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను ఆమె వైపు తిరగలేదు. తిరిగి ఉంటే, ఫోన్ సంగతి నాకు అక్కడే గుర్తుకు రాక తప్పేది కాదు.

తిరుగు బస్సులో జక్రాన్‌పల్లి దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. అట్టపెట్టె ఈసారి కాళ్ల దగ్గర ఉంది. తర్వాత చేతులు తిప్పి చూసుకుంది, అటు, ఇటు.

"నా చెయ్యేనా బిడ్డా?"

కాదని చెప్పడానికి ఆర్మూర్ దాకా టైముంది. "కావచ్చు చిన్నమ్మా. వయసు గదా" అన్నాను. ఓదారుస్తున్నానని అనుకున్నాను.

నువ్వే సర్దెయ్ అన్నావు కదా అని ఆమె నన్ను అడగలేదు. అడిగే హక్కు ఉందని ఆమెకు తోచిందో లేదో తెలియదు. బీడీ కార్ఖానాలో తీసి పక్కన పడేసిన దాన్ని ఎందుకు తీశావని ఎవరూ అడగరు. అక్కడ ఆమెకు ఆ అవసరం ఎన్నడూ రాలేదు. మొదటి వాపసు నేను ఇచ్చాను.

వారం తిరక్కుండా ఆమె కత్తెర మూసేసిందని అమ్మ చెప్పింది. ఆకు తడపడం మానేసిందట. దమ్ము, ఆ ఆయాసం, ఎక్కువైంది, తంబాకు దుమ్ము పడటం లేదు, దవాఖానలో కూడా వద్దన్నారు అని అందరం అనుకున్నాం. అది నిజమే. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము ఊరికే పోదు. కానీ దమ్ము ఆమెకు అంతకుముందూ ఉంది, దమ్ముతోనే చుట్టింది. ఎదురింటి అవ్వ పనికి రమ్మని పోరితే, "నా చెయ్యి పోయిందక్కా, కొలత ఆగుతలేదు" అన్నదట. అరుగు మీద ఆమె కూర్చునే చోటు అట్లాగే ఖాళీగా ఉంచి, మిగతా ముగ్గురూ పని చేసుకునేవాళ్లు.

పసుపు పని మొదలైంది. ఊరంతా ఉడికిన పసుపు వాసన. మా చేనులో తవ్విన కొమ్ములు ఉడికించి కళ్లంలో ఆరబోశాం. ఒక సాయంత్రం అమ్మ ఎండిన కొమ్మును చేతిలోకి తీసుకుని, పచ్చిగా ఉన్నప్పుడు ఎంత ఉండె, గుంజుకుపోయి ఇంతైంది అంది. ప్రతి ఏడూ అనే మాటే. ఉడికింది ఆరితే ముడుచుకుంటుందని ఈ ఊళ్లో నడక రాని పిల్లకు కూడా తెలుసు. నేను ఇంట్లోకి వెళ్లి కాలిపర్ తీసి, పలక మీది గాడిని కొలిచాను. నా బొమ్మలో ఉన్నదానికంటే తక్కువ. ఇంకో గాడి, అదీ తక్కువ. కరిగిన ప్లాస్టిక్ చల్లారి ముడుచుకుంది, గాడి అంచులు లోపలికి ఉబ్బాయి. ఆ లెక్క వేసుకుని బొమ్మలో గాడిని పెద్దది చేసి పెట్టుకోవాల్సింది నేను. పసుపు ఇంట్లో పుట్టి, పీహెచ్‌డీ చేస్తూ, చల్లారితే ముడుచుకుంటుందన్న సంగతి నాకు తట్టలేదు. ఫోన్‌లో చెప్పినా వినలేదు. ఆమె నా మాట మీద ఒక్కో చట్రం అంచూ తీసి ఆ ఇరుకు గాళ్లలో సర్దింది. కొలత పోయింది అందుకే.

బొమ్మ సరిచేశాను. రెండో విడత పలకలు పోశాను. చట్రాలు ఈసారి బయట యంత్రం మీద కోయించాను. గీత సరిగ్గా వైఫై దగ్గర దిగింది. గైడు సంతోషించారు. రిపోర్టులో మొదటి విడత ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాయాలి. 'చేతి కోతలో వచ్చిన కొలత తేడాల వల్ల' అని రాశాను. గాడి గురించి రాస్తే, ఇంత చిన్న విషయం ముందే చూసుకోలేదా అని అడుగుతారు. చేతి గురించి రాస్తే ఎవరూ ఏమీ అడగరు. అది ఎవరి చెయ్యో ఆ రిపోర్టు చదివేవాళ్లకు తెలియదు కదా అనుకున్నాను. తెలిసినవాళ్లు అరుగు మీద నలుగురు, వాళ్లు రిపోర్టులు చదవరు. ఎంత చక్కగా సర్దుకున్నానో చూడండి.

చిన్నమ్మకు చెప్పాలని మాత్రం గట్టిగానే అనుకున్నాను. పసుపు పాలిష్ అయ్యాక వెళ్దామనుకున్నాను. తర్వాత పిల్లల పరీక్షలు. తర్వాత ఎండలు. ఖాళీ చేతులతో ఎందుకు, పనిచేస్తున్న పలకను తీసుకెళ్లి చూపిస్తూ చెప్దాం అనుకున్నాను. ఒకరోజు వాళ్ల గల్లీ మలుపు దాకా వెళ్లి, అరుగు మీద ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండటం చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగాను. ఆమె చూసిందో లేదో నాకు తెలియదు.

పోయిన రోజున ఆ చేతులకు పసుపు రాసి ఒంటికి ఆనించి పెట్టారు. వేళ్ల నలుపు పూర్తిగా పోయి ఉంది. అన్ని నెలలు తంబాకు ముట్టని చేతులు కదా, కొత్తవాళ్ల చేతుల్లా ఉన్నాయి. వాటిని చూసి నాకు దుఃఖం ఆగలేదు. ఎంత ప్రేమ ఈ పిల్లకు అని ఎవరో అన్నారు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. మా వైపు ఉన్న పద్ధతే, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి దూరంగా నిలబడతారు. పిట్ట వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. రాకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, నీ ఫలానా పని మేం చేస్తాం, నీకు ఫికర్ వద్దు అని మాట ఇస్తారు. నాటుకోడి కూర, అన్నం, ఒక గ్లాసు చాయ్ పెట్టి అందరం చెట్టు నీడకు జరిగాం. పిట్ట రాదని నాకు ఖాయంగా అనిపించింది. రానప్పుడు ముందుకు వెళ్లి, అందరూ వినేలా, నీ చెయ్యి తప్పు కాదు చిన్నమ్మా, నా గాడే తప్పు అని చెప్పాలని మాటలు కూడగట్టుకున్నాను.

మేం చెట్టు దాకా చేరకముందే కాకి వచ్చింది. ఒకటి కాదు, రెండు. నిమిషం కూడా పట్టలేదు.

అందరి మొహాలూ తేలికపడ్డాయి. "దాని మనసుల ఏం లేకుండె. గట్లాంటి మనిషి" అన్నాడు చిన్నాయన, అప్పుడు మొదటిసారి ఏడ్చాడు. ఇక నన్ను ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేదు. నేను కూడగట్టుకున్న మాటలు మింగి, అందరితో పాటు కాళ్లు కడుక్కుని ఇంటికి వచ్చాను. నా మీద ఆమెకు ఏమీ లేదంటే నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఆమె ఏదీ మిగుల్చుకోలేదంటే, తప్పు తనదేనని పూర్తిగా నమ్మి పోయిందని కూడా అర్థం కదా.

పదకొండో రోజు దాటాక గైడుకు ఫోన్ చేసి, రిపోర్టులో ఆ వాక్యం తప్పని, గాడి కొలత నాదే తప్పని చెప్పాను. ఆయన విని, పని పూర్తయింది కదమ్మా, ఒక్క వాక్యం కోసం మళ్లీ కదపడం ఎందుకు, వదిలెయ్యండి అన్నారు. వదలనన్నాను. మార్చి పంపాను. ఎవరూ చదవని చోట ఒక వాక్యం ఇంకో వాక్యంగా మారింది. అది కాదు నేను చేయాల్సింది.

మొన్న మధ్యాహ్నం, మొదటి విడత పలకలోంచి ఒక చట్రాన్ని ఊడదీసి కాగితంలో చుట్టుకుని ఆ పది నిమిషాలూ నడిచాను. అరుగు మీద ముగ్గురే ఉన్నారు. ఖాళీ చోటులో కూర్చోకుండా మెట్టు మీద కూర్చున్నాను. ఎదురింటి అవ్వకు మొత్తం చెప్పాను, ఫోన్‌లో అన్న మాట, ల్యాబులో అన్న మాట, బస్సులో అన్న మాట. కత్తెరలు ఒక్కొక్కటే ఆగాయి. నేను చెప్పడం అయిపోయాక అవ్వ నా మొహంలోకి చూసి అడిగింది.

"గీ ముచ్చట ఆమెకు చెప్పినవా?"

"లేదు అవ్వా."

అవ్వ తన కత్తెర మూసి చాటలో పెట్టింది. లేచి లోపలికి వెళ్లి, చిన్నమ్మ చాట తెచ్చి నా ముందు పెట్టింది. అందులో కత్తెర ఉంది, మొన అవతలికి. తగరపు ఫర్మా ఉంది. పాత పసుపు సంచి చింపి కట్టిన ఒక చిన్న పొట్లం ఉంది.

"నీదే. రాగి పారేయొద్దు, పిల్లకు అక్కరకొస్తదని దాచిపెట్టింది. నువ్వు వస్తవని చూసింది."

విప్పితే లోపల రాగి పోగులు. వెంట్రుకకంటే కాస్త మందం, అంతే. నాలుగు వందల చట్రాలకు నాలుగు వైపులా తీసిన అంచులు. నేను ఒక్క మాటతో సర్దెయ్ అన్న పని అది. ఒక్కటీ తెగలేదు, ఒక్కటీ వంకర పోలేదు.

అరుగు మీద ఫ్యాన్ గాలికి అవి కదలడం మొదలుపెట్టాయి. అవ్వ లేచి ఫ్యాన్ ఆపింది. ఆ ఎండలో ముగ్గురూ పని వదిలేసి నా చేతుల వైపు చూస్తున్నారు. నేను తెచ్చిన చట్రాన్ని తగరపు ఫర్మా మీద పెట్టాను. చుట్టూ సన్నగా తగరం కనిపించింది. ఒక పోగు తీసి ఒక వైపు ఆనించాను. పట్టింది. రెండోది పెట్టాను, మూడోది పెట్టాను. నాలుగోది పెట్టేసరికి తగరం ఎక్కడా కనిపించలేదు. అంచుకు అంచు, ఫర్మా ఎంతో చట్రం అంత.

"చెయ్యి మంచిగనే ఉండె" అంది అవ్వ.

చెమట తుడుచుకుని, చాలాసేపటికి వెళ్లి మళ్లీ ఫ్యాన్ వేసింది. రాగి పోగులు ఎగిరిపోకుండా నేను రెండు అరచేతులూ ఫర్మా మీద కప్పి, అట్లాగే కూర్చున్నాను.